పేజీ ముందు ఆగిపోతున్న పదిహేనేళ్ళు

*ఉన్నత పాఠశాలకు వచ్చిన పిల్లల చదివే శక్తిని ముందుగా పట్టి చెప్పే మానసిక నైపుణ్యాలు ఏవి? తెలుగు లిపి వారి నుంచి ఏమేమి కోరుతుంది? ఉప్పల్, నాచారం బడులను దృష్టిలో పెట్టుకుని ఒక పరిశీలన.*

తొమ్మిదో తరగతి వాచకంలో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం మీద చూపు పడినప్పుడు జరిగే పని చిన్నది కాదు. కంటికి ముందుగా అందేది 'స' ఆకారం. దాని తలపైన గుడిదీర్ఘం, అడుగున తావత్తు, దానితోపాటే క్రారావడి ఉంటాయి. నోరు పలకవలసిన వరుస మాత్రం స్, త్, ర్, ఈ. అంటే తలమీద మొదటే కనిపించిన ఈకారాన్ని చివరిదాకా ఆపి ఉంచి, కిందికి దిగి ఒత్తులను కూడగట్టుకుని, తిరిగి పైకి వచ్చి, ఆ నాలుగు ధ్వనులనూ ఒకే ఊపిరిలో పలకాలి. చదువు బాగా అలవడినవారి చూపు ఒక్కోచోట దాదాపు పావు సెకను మాత్రమే నిలుస్తుంది కనుక ఇంత పని జరిగినట్లు వారికి తెలియనే తెలియదు. ఉప్పల్ కూడలి నుంచి హబ్సిగూడ మీదుగా నాచారం పారిశ్రామికవాడ దాకా ఉన్న బడుల్లో ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఈ పేజీని గడగడా చదివేస్తే, రెండోవారు వేలు ఆనించి ఒత్తు ఒత్తుకూ ఆగుతూ, వాక్యం చివరికి చేరేసరికి దాని మొదలు మరిచిపోతారు.

ఈ తేడాకు ఇళ్ళలోనూ బడుల్లోనూ సాధారణంగా వినిపించే కారణాలు రెండే: శ్రద్ధ లేకపోవడం, ఫోను. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు గాని, ఏడెనిమిదేళ్ళు బడికి వచ్చిన పిల్లవాడు పేజీ ముందు ఎందుకు ఆగిపోతున్నాడో ఆ రెండు మాటలూ చెప్పలేవు. ప్రథమ్ సంస్థ వెలువరించే 'అసర్' నివేదిక 2023లో 14 నుంచి 18 ఏళ్ళ వయసువారిని ప్రత్యేకంగా పరిశీలించింది. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 34,745 మందిని కలిసినప్పుడు, వారిలో 86.8 శాతం మంది ఏదో ఒక విద్యాసంస్థలో చేరి ఉన్నా, దాదాపు నాలుగో వంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోయారని తేలింది. అది గ్రామీణ జిల్లాల సర్వే కాబట్టి ఉప్పల్, నాచారం అందులోకి రావు. అయితే వరంగల్ జాతీయ రహదారి నగరంలోకి అడుగుపెట్టే చోటు ఉప్పలే అయినందున, భువనగిరి, జనగామ వైపు పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చే కుటుంబాలతోపాటు పల్లె బడిలో మొదలైన చదువు కూడా ఈ వీధుల్లోకి వస్తుందన్నది మరిచిపోకూడదు.

చదవడమనేది ఒక్క నేర్పు కాదు

చదివే సామర్థ్యాన్ని 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక గుణకారంగా చూపారు. అక్షరాలను శబ్దంగా మార్చుకోగల శక్తి ఒకటి, విన్న భాషను అర్థం చేసుకోగల శక్తి మరొకటి; ఈ రెండూ కలిస్తే వచ్చేది కూడిక ఫలితం కాదని, హెచ్చవేత ఫలితమని వారి వాదన. రెండింటిలో ఏ ఒక్కటి సున్న అయినా చివరికి మిగిలేది సున్నే. అక్షరం రాని పండితుడు పుస్తకం చదవలేడు. అక్షరాలన్నీ వచ్చినా ఆ భాష రానివాడు చదివి గ్రహించలేడు. ఈ చిన్న సూత్రం నేటికీ నిలిచి ఉండటానికి కారణం, అది ఉపాధ్యాయుడి చేతికి ఒక ప్రశ్నను అందించడమే: ఈ పిల్లవాడిలో తడబడుతున్నది ఏ వైపు?

మొదటి వైపును, అంటే లిపిని శబ్దంగా మార్చుకునే పనిని, ఆసరాగా నిలబెట్టే మానసిక నైపుణ్యాలు మరికొన్ని ఉన్నాయి. మాటను చిన్న చిన్న ధ్వనులుగా విడదీసి చూడగలగడం ధ్వని స్పృహ. కనబడిన వస్తువు పేరు ఆలస్యం లేకుండా నోటికి రావడం పేరు తోచే వేగం. విన్నదాన్ని కొన్ని క్షణాలపాటు మనసులో నిలుపుకుని దానితో పనిచేయగలగడం తాత్కాలిక జ్ఞాపకం. అక్షరరూపాలూ వాటి కలయికలూ కంటికి అలవాటు కావడం లిపిజ్ఞానం. చదువులో ఎవరు ముందుంటారో, ఎవరు వెనకబడతారో ముందే సూచించేవి ఇవేనని ఎన్నో భాషల్లో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అయితే వీటిలో దేనికి ఎంత బరువు ఉంటుందన్నది భాషను బట్టి, లిపిని బట్టి, పిల్లల వయసును బట్టి మారుతుంది. ఇంగ్లీషులో కుదిరిన తూకాన్ని తెచ్చి తెలుగు మీద పెట్టడం వల్ల జరిగే నష్టం అక్కడే మొదలవుతుంది.

ఇండొనేషియా చెప్పే సంగతి

ఈ విషయంలో ఇండొనేషియా అనుభవం తెలుగువారికి దగ్గరగా పనికివస్తుంది. అక్కడి ప్రామాణిక భాషను 26 రోమన్ అక్షరాలతో రాస్తారు. 1972లో జరిగిన వర్ణక్రమ సంస్కరణ తర్వాత రాతకూ పలుకుకూ పొంతన చాలావరకు స్థిరపడింది. మాటల నిర్మాణం కూడా చిన్న చిన్న తేలికపాటి అక్షరాలతో సాగుతుంది. 2017లో బెర్నార్డ్ జాప్, ఎలిసబెత్ బోర్లెఫ్స్, బెన్ మాసెన్ అనే పరిశోధకులు ప్రాథమిక పాఠశాల పిల్లల కోసం ఆ భాషలో తొమ్మిది అంశాల పరీక్షను తయారుచేసి చూడగా, చదివే శక్తితో గట్టిగా ముడిపడి కనిపించినవి నాలుగు: ధ్వని స్పృహ, పేరు తోచే వేగం, వర్ణక్రమం, విన్న అంకెలను వరుసగా గుర్తుంచుకుని చెప్పగలగడం.

లిపి ఇంత సులభమైన దేశంలో పదిహేనేళ్ళవారు చదువులో మేటిగా ఉంటారనుకోవడం సహజం. కాని 2022లో జరిగిన అంతర్జాతీయ పీసా పరీక్షలో ఇండొనేషియా విద్యార్థులకు చదవడంలో వచ్చిన సగటు 359. ఆ పరీక్షను నిర్వహించే ఓఈసీడీ దేశాల సగటు 476. ఒక మోస్తరు పొడవున్న పాఠంలో ముఖ్యాంశాన్ని పట్టుకోగల కనీస స్థాయిని అక్కడ నాలుగో వంతు మంది మాత్రమే అందుకున్నారు. అక్షరం సులువుగా లొంగినంత మాత్రాన అర్థం దానంతట అది లొంగదని ఈ అంకెలు స్పష్టంగా చెబుతున్నాయి. ఇళ్ళలో జావనీస్, సుందనీస్ వంటి భాషలు మాట్లాడుతూ బడిలో ఇండొనేషియా భాషలో చదివే పిల్లలు అక్కడ కోట్లలో ఉన్నారన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఇంటి మాట వేరు, పుస్తకపు మాట వేరు అయిన పరిస్థితి నాచారం వీధులకూ కొత్తది కాదు.

అక్షరం దగ్గర గడిచే ఏళ్ళు

తెలుగు కూడా రాసినట్లే పలికే భాష. ఇంగ్లీషులో మాదిరిగా ఒకే అక్షరానికి నాలుగు పలుకులు, పలకని అక్షరాలు ఇందులో లేవు. ఈ సుగుణాన్ని చూసి తెలుగు చదవడం తేలికని అనుకునేవారు లిపి విస్తృతిని లెక్కలోకి తీసుకోవడం లేదు. సంప్రదాయ వర్ణమాలలోని 56 అక్షరాలు ప్రవేశద్వారం మాత్రమే; ముప్పైకి పైగా ఉన్న హల్లులకు ఒక్కొక్కదానికి డజనుకు పైగా గుణింతరూపాలు చేరితే అవే నాలుగు వందలు దాటుతాయి; ఆపైన ద్విత్వాలు, సంయుక్తాలు, మూడేసి హల్లులు కూడిన సంశ్లేషాలు. గ, చ, ద వంటి వాటి ఒత్తులు తలకట్టు తీసిన అసలు రూపాన్నే తలపిస్తాయి కాబట్టి ఊహించుకోవచ్చు. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలిక ఉండదు. వాటిని విడిగా నేర్చుకుని గుర్తుంచుకోవలసిందే. దీనికి తోడు ప, వ, న, స, ద, ధ, థ వంటివి ఒకదానికొకటి చిన్న గీతతోనో చుక్కతోనో మాత్రమే తేడా పడతాయి.

> గుణింతపు గుర్తులు
> తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రసుడి, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, సున్న, విసర్గ. తెలుగు బడుల్లో తరతరాలుగా పిల్లలు గుర్తు పేరునూ, అది చేరాక వచ్చే పలుకునూ కలిపి గట్టిగా వల్లించేవారు. కన్ను, చెయ్యి, నాలుక మూడూ ఒకేసారి పనిచేసే ఈ పద్ధతిని అర్థం లేని బట్టీగా కొట్టిపారేయడం తొందరపాటు. లిపిజ్ఞానం గట్టిపడటానికి ఇటువంటి సాధన అవసరమే. అయితే చదువు అక్కడే ఆగిపోకూడదు.

తెలుగుకు చాలా దగ్గరి లిపి అయిన కన్నడంలో సోనాలీ నాగ్ జరిపి 2007లో ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో కళ్ళు తెరిపిస్తుంది. ఇంగ్లీషు పిల్లలు 26 అక్షరాలనూ బడిలో చేరిన తొలి ఏడాదిలోనే గుర్తుపడితే, కన్నడ పిల్లలకు అక్షరజ్ఞానం పూర్తికావడానికి మూడు నాలుగేళ్ళ చదువు పడుతోందని అందులో తేలింది. ఆ తర్వాత మార్గరెట్ స్నౌలింగ్‌తో కలిసి ఆమె చేసిన పనిలోనూ, కన్నడంలో చదవలేకపోతున్న పిల్లల బలహీనత ధ్వని స్పృహతో ఆగకుండా అక్షరజ్ఞానానికీ పేరు తోచే వేగానికీ పాకి ఉన్నట్లు కనిపించింది. ఉప్పల్‌కు కూతవేటు దూరంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన దుగ్గిరాల వసంత, తెలుగు పిల్లలు వయసు పెరిగేకొద్దీ తమ లిపిలోని ధ్వని సమాచారాన్ని ఎలా పట్టుకుంటారో పరిశీలించి 2004లోనే 'రీడింగ్ అండ్ రైటింగ్' అనే అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారు. ఇంత దగ్గరలో జరిగిన పని ఇరవై ఏళ్ళు దాటినా బడి గదిలోకి రాకపోవడం విచారించవలసిన సంగతి.

ధ్వని స్పృహ విషయంలో తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటుంది. 'బడి' అన్న మాటలోంచి 'బ' తీసేస్తే ఏం మిగులుతుందని అడిగితే రెండో తరగతి పిల్లలు కూడా 'డి' అని చెప్పగలరు. 'బ్' అన్న హల్లును మాత్రమే తీసి 'అడి' అనమంటే బాగా చదివే పిల్లలు కూడా తికమకపడతారు. తెలుగు రాత హల్లునూ అచ్చునూ కలిపి ఒకే అక్షరంగా చూపుతుంది కనుక వాటిని విడదీయవలసిన అవసరం ఈ లిపి చదువరికి తొలి ఏళ్ళలో అంతగా రాదు. కన్నడంలో ప్రతిభా కారంత్, పి. ప్రకాశ్ 1990లలో చేసిన పరిశోధనలు ఇదే చెప్పాయి. కన్నడం మాత్రమే చదివినవారు హల్లును విడదీసే పరీక్షలో వెనకబడినా చదవడంలో వెనకబడలేదు. కాబట్టి ఇంగ్లీషు కోసం తయారైన, హల్లును విడదీయమని అడిగే పరీక్షను అనువదించి తెలుగు పిల్లవాడి ముందు పెట్టి, అది రాలేదని అతనికి లోపం అంటగట్టడం అన్యాయం.

పేరు తోచడానికి పట్టే కాలం

అక్షరాలన్నీ వచ్చి, తప్పు లేకుండా చదివి, అయినా ఒక పేరా దాటడానికి అయిదు నిమిషాలు తీసుకునే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వీరి కష్టాన్ని పట్టుకోవడానికి పనికివచ్చే పరీక్ష ఒకటి 1970లలో అమెరికాలో మార్తా డెంక్లా, రీటా రుడెల్ రూపొందించారు. అయిదు అంకెలనో, అయిదు రంగులనో, అయిదు వస్తువుల బొమ్మలనో కలగలిపి 50 గళ్ళలో వరుసగా పరిచి, వాటి పేర్లను ఆగకుండా చెప్పమని కాలం లెక్కిస్తారు. అందులో అక్షరమే ఉండనక్కరలేదు; అయినా అది చదివే వేగాన్ని ఆశ్చర్యకరంగా సూచిస్తుంది. చూడటం, గుర్తించడం, పేరును మనసులోంచి తీయడం, పలకడం, ఈలోగా చూపును తర్వాతి దాని మీదికి జరపడం అన్న అయిదు పనులు ఒకదానిలోకి ఒకటి ప్రవహించడమే చదవడంలోనూ జరిగేది కాబట్టి ఈ సంబంధం సహేతుకమే.

రాసినట్లే పలికే భాషలలో పిల్లలు తప్పులు తక్కువగా చేస్తారు కనుక బలహీనత తప్పుల రూపంలో కాక ఆలస్యం రూపంలో బయటపడుతుంది. జర్మన్ భాషలో చదువుకునే పిల్లల మీద హైంజ్ విమ్మర్ 1990ల నుంచి చేసిన పరిశోధనలు దీనిని స్థిరపరిచాయి. తెలుగు తరగతి గదికి ఇది చాలా ముఖ్యమైన సమాచారం. ఉపాధ్యాయులు తప్పులను గుర్తిస్తారు, దిద్దుతారు. నెమ్మదిగా, సరిగా చదివేవారిని 'పరవాలేదు' అనుకుని వదిలేస్తారు. అయిదో తరగతి దాకా పాఠం చిన్నది కాబట్టి ఆ నెమ్మది బయటపడదు. ఆరో తరగతిలో సాంఘికశాస్త్రం, సామాన్యశాస్త్రం పేజీలు ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ పిల్లలు మునిగిపోతారు.

నెమ్మదికి జ్ఞాపకం తోడైతే కష్టం రెట్టింపవుతుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. కర్త మొదట్లో ఉండి, మధ్యలో 'వచ్చి', 'చూసి', 'అన్నందువల్ల' అంటూ ఉపవాక్యాలు పేరుకుని, అసలు ఏం జరిగిందన్నది ఆఖరి మాటలో తేలుతుంది. ఒక్కో మాట దగ్గర ఆగే చదువరి ఆ ఆఖరి మాటకు చేరేలోగా మొదటి మాట జ్ఞాపకంలోంచి జారిపోతుంది. అతను మళ్ళీ మొదటికి వెళతాడు. రెండోసారి కూడా అంతే. దీనిని అశ్రద్ధ అనడం ఎంత పొరపాటో ఆ శ్రమను ఒక్కసారి దగ్గరగా గమనించినవారికి అర్థమవుతుంది.

పొడుగు మాటలు, పుస్తకపు మాటలు

పన్నెండేళ్ళు దాటాక తూకం మెల్లగా రెండో వైపుకు, అంటే భాష వైపుకు మొగ్గుతుంది. అక్షరాలు కంటికి లొంగిన కౌమార విద్యార్థులలో ఎవరు బాగా గ్రహిస్తారన్నది వారికి తెలిసిన మాటల సంఖ్యను బట్టి, మాటల లోపలి నిర్మాణం మీద ఉన్న పట్టును బట్టి తేలుతుంది. తెలుగులో ఈ రెండోదానికి ఉన్న ప్రాధాన్యం ఎక్కువ. 'నేర్చుకోలేకపోయినవాళ్ళకు' అన్నది ఒకే మాటగా రాస్తారు. అందులో నేర్చుకోవడం, చేతకాకపోవడం, కాలం, మనుషులు, విభక్తి అన్నీ ఇమిడి ఉన్నాయి. ఈ ముక్కలు ఎక్కడ కలిశాయో తెలిసినవారికి అది నాలుగైదు పరిచిత భాగాల కూర్పు. తెలియనివారికి పదకొండు అక్షరాల గోడ. సంధులు, సమాసాలు వ్యాకరణం ప్రశ్నకు మార్కులు తెచ్చే అంశంగా కాక చదవడానికి సాయపడే పనిముట్టుగా నేర్పితే, వాటికి ఇప్పుడున్న చెడ్డపేరు కూడా కొంత తగ్గుతుంది.

మాటల సంగతి మరింత బరువైనది. ఇంట్లో 'వచ్చిండు', 'పోతున్న' అని మాట్లాడే పిల్లలకు పుస్తకంలో 'వచ్చాడు', 'వెళ్తున్నాను' కనిపిస్తాయి. ఆ దూరం చిన్నదే, త్వరగానే దాటుతారు. కిరణజన్య సంయోగక్రియ, ద్రవ్యోల్బణం, వికేంద్రీకరణ వంటి మాటలు మాత్రం ఏ ఇంట్లోనూ వినిపించవు. పైగా వాటిలో ప్రతిదానిలోనూ మొదట చెప్పిన లిపి కష్టం కూడా నిండుగా ఉంది. అక్షరం, అర్థం రెండూ ఒకే మాటలో ఎదురు తిరిగినప్పుడు పిల్లవాడు ఆ మాటను దాటేస్తాడు, ఆ మాట లేకుండా పేరాకు అర్థం ఉండదు.

నాచారం ఇళ్ళు, మూడు లిపులు

పారిశ్రామికవాడ పుట్టినప్పటి నుంచీ నాచారం, మల్లాపూర్, ఉప్పల్ ప్రాంతాలు వలస కుటుంబాలకు నీడనిచ్చాయి. తెలుగు, ఉర్దూ మాట్లాడేవారితోపాటు ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కార్మికుల పిల్లలూ ఇక్కడి బడుల్లో చదువుతున్నారు. తెలంగాణలోని అన్ని రకాల పాఠశాలల్లోనూ తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. తెలుగు మాతృభాష కాని పిల్లలు ఎక్కువగా ఉండే సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ వంటి బోర్డుల బడుల్లో తొమ్మిదో తరగతికి 'సింగిడి' స్థానంలో తేలికపాటి 'వెన్నెల' వాచకాన్ని 2025-26 నుంచి బోధించాలని ప్రభుత్వం నిర్ణయించింది. ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం మొదలై, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. హిందీని కూడా కలిపితే ఒక విద్యార్థి కన్ను రోజూ మూడు లిపుల మధ్య తిరుగుతోంది.

మూడు లిపులు నేర్వడం పిల్లల శక్తికి మించినది కాదు. ఒక లిపిలో గట్టిపడిన నేర్పు మరొక లిపికి అందివస్తుందన్నది చాలాకాలంగా తెలిసిందే. అయితే అది ఎప్పుడు అందివస్తుంది? కన్నడ, తెలుగు పిల్లలు ఇంగ్లీషు నేర్చుకునే తీరు మీద పూజా నాకమురా, థామస్ డి హూప్, చిన్మయ హొళ్ళ 2019లో ప్రకటించిన అధ్యయనం దీనికి జవాబు ఇచ్చింది. మొదటి భాషలో అక్షరాలను శబ్దంగా మార్చుకునే శక్తి ఒక స్థాయిని దాటాకే దాని ఫలం ఇంగ్లీషులో కనబడుతుంది. ఆ స్థాయికి ముందే ఇంగ్లీషుకు మారిస్తే మొదటిది సాయం చేయలేదు, రెండోది నిలదొక్కుకోలేదు. ఇంగ్లీషు కావాలనుకునే తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే; ఆ కోరిక తీరాలన్నా తెలుగు చదవడం ముందు గట్టిపడాలన్నది ఈ పరిశోధన సారం.

ఫోను సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కౌమార పిల్లలు రోజూ ఎన్నో సందేశాలు చదువుతున్నారు, రాస్తున్నారు; వాటిలో చాలా భాగం రోమన్ అక్షరాల్లో రాసిన తెలుగు. భాషతో సంబంధం తెగలేదు గాని తెలుగు లిపికి కావలసిన రోజువారీ సాధన మాత్రం అక్కడ దొరకడం లేదు. ఒత్తుల మీద కంటికి వేగం రావాలంటే ఆ ఒత్తులు రోజూ కంటబడాలి.

> రెండు భాషలు బరువా?
> హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి నాయకత్వంలో 648 మంది మతిమరుపు రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఒకే భాష తెలిసినవారి కంటే రెండు భాషలు తెలిసినవారిలో ఆ వ్యాధి సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. ఆ బృందంలో దుగ్గిరాల వసంత కూడా ఉన్నారు. ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి ఉండటం దానంతట అది లోపం కాదని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

సిగ్గు వెనక దాగే పిల్లలు

ఆరేళ్ళ పిల్ల చదవలేకపోతే ఏడుస్తుంది, పద్నాలుగేళ్ళవాడు దాచుకుంటాడు. పైకి చదవమన్నప్పుడు దగ్గు రావడం, పుస్తకం మరిచి రావడం, వెనక బెంచీకి చేరడం, అల్లరి చేసి బయటికి వెళ్ళిపోవడం వంటివి చాలాసార్లు ఆ దాపరికానికి వేసుకున్న ముసుగులు. తెలివైనవారైతే పక్కవారు చదివింది విని జ్ఞాపకం పెట్టుకుని ఒప్పజెబుతారు. గైడులోని జవాబులను చూపుతో కాక చెవితో నేర్చుకుంటారు. ఇలా పదో తరగతి దాకా నెట్టుకొచ్చినవారిని చూసి 'బాగానే చదువుతున్నాడు' అనుకునే తల్లిదండ్రులను తప్పుపట్టలేము. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన తండ్రికి, నాలుగిళ్ళలో పని చేసి వచ్చిన తల్లికి పిల్లవాడి పక్కన కూర్చుని వినే తీరిక ఎక్కడిది? పైగా తమకు రాని చదువు పిల్లలకు వస్తోందన్న నమ్మకమే ఆ ఇంటికి ధైర్యం. ఆసుపత్రి చీటీ, బ్యాంకు కాగితం, అద్దె ఒప్పందం చదివి చెప్పే బాధ్యత ఎనిమిదో తరగతి కూతురి మీద పడిన ఇళ్ళలో, ఆమె చదవలేకపోతోందన్న సంగతి బయటపడటం మొత్తం కుటుంబానికే అవమానంగా తోస్తుంది. అందుకే ఆమె ఊహించి చెబుతుంది.

ఈ దాపరికానికి మూల్యం ఇంటర్‌లో చెల్లించవలసి వస్తుంది. పుస్తకం పెరుగుతుంది, విని నేర్చుకునే వీలు తగ్గుతుంది, చదువు మానేయడానికి కారణంగా 'ఆసక్తి లేదు' అన్న మాట కాగితం మీద నమోదవుతుంది.

> ముప్పై ఏళ్ళ వయసులోనూ
> లక్నో సమీప గ్రామాల్లో అక్షరం రాని వయోజనులకు ఆరు నెలలపాటు దేవనాగరి లిపి నేర్పి, ముందూ వెనకా వారి మెదడును స్కాన్ చేసినప్పుడు, చూపుకు సంబంధించిన పై పొరలకూ మెదడు లోలోపలి భాగాలైన థాలమస్, మెదడుకాండాలకూ మధ్య అనుసంధానం బలపడినట్లు తేలింది. 2017లో వెలువడిన ఈ పరిశోధన బృందంలో హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన రమేశ్ కుమార్ మిశ్రా ఉన్నారు. ముప్పైల్లో మారిన మెదడు పద్నాలుగేళ్ళకు మారదని ఎవరూ అనలేరు.

పరీక్ష ఏ భాషలో ఉండాలి?

పుట్టుకతోనే చదవడంలో ఇబ్బంది ఉండే పిల్లలు కొందరుంటారు. తెలివితేటలకూ ఆ ఇబ్బందికీ సంబంధం లేదు. దానినే డిస్లెక్సియా అంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీనిని నిర్దిష్ట అభ్యసన వైకల్యంగా 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఎనిమిదేళ్ళు నిండినవారికే ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పాయి. 14 ఏళ్ళకు ఒకసారి, 18 ఏళ్ళకు మరోసారి పరీక్షించాలని కూడా అవి నిర్దేశించాయి. పద్నాలుగేళ్ళ వయసులో పిల్లవాడిని పరీక్షించే కాగితం ఏ భాషలో ఉందన్నది అప్పుడు అతని భవిష్యత్తును నిర్ణయించే ప్రశ్న అవుతుంది.

సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 1990లలోనే తరగతి స్థాయిని అంచనా వేసే ఒక సాధనాన్ని రూపొందించింది. భారతీయ భాషల లిపిస్వభావాన్ని లెక్కలోకి తీసుకుని మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో నందినీ ఛటర్జీ సింగ్ బృందం తయారుచేసిన 'డాలి' పరీక్ష 2015లో హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషులలో విడుదలైంది. ఆ తొలి విడతలో తెలుగు లేదు. ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషకు, అదీ విశ్వవిద్యాలయాలూ భాషాశాస్త్ర శాఖలూ పక్కపక్కనే ఉన్న నగరానికి, ఇది తగని వెనకబాటు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇంగ్లీషు విదేశీ భాషల విశ్వవిద్యాలయం రెండూ నాచారం బడులకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. కౌమార వయసువారి కోసం తెలుగు అక్షరజ్ఞానం, పేరు తోచే వేగం, పదనిర్మాణ ఎరుక, విని గ్రహించడం అన్న నాలుగింటినీ కొలిచే పరీక్షను ఈ సంస్థలు ఈ బడుల్లోనే రూపొందించి, ఈ పిల్లలతోనే సరిచూసుకోవాలి.

ముందు వినాలి

ప్రాథమిక తరగతుల కోసం 2022లో 'తొలిమెట్టు', ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు 2023-24లో 'ఉన్నతి' పేరుతో తెలంగాణ ప్రభుత్వం కార్యక్రమాలు చేపట్టింది. ఉన్నత పాఠశాలలో కూడా చదవడం నేర్పవలసి ఉందని ఒప్పుకోవడమే మంచి మలుపు. అయితే తరగతిలో వెనకబడినవారందరినీ ఒక గుంపుగా చేసి అందరికీ ఒకే సాధన ఇవ్వడం వల్ల ప్రయోజనం తక్కువ, ఎందుకంటే వారి ఇబ్బందులు ఒకటి కావు.

ఏ పిల్లవాడికి ఏది తక్కువైందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అవసరం లేదు. ముందుగా కళ్ళూ చెవులూ పరీక్ష చేయించాలి. ఆపైన తరగతి పుస్తకంలోనే ఒక పేజీని విద్యార్థి చేత ఒంటరిగా, తోటివారి ముందు కాకుండా, పైకి చదివించి వినాలి. సంయుక్తాక్షరాల దగ్గరే పదేపదే ఆగితే లిపిసాధన కావాలి. ఆ ఒత్తులే తరచుగా వచ్చే మాటలను రోజూ కొన్ని చొప్పున చదివించి రాయించాలి. తప్పుల్లేకుండా మరీ నెమ్మదిగా సాగితే, ఒకే పేరాను రెండు మూడు రోజులు మళ్ళీ మళ్ళీ చదివించడం, బాగా చదివేవారితో జతగా గొంతు కలిపి చదివించడం వేగాన్ని పెంచుతాయి. చదివింది చెప్పలేకపోతే, అదే స్థాయి మరో పేరాను ఉపాధ్యాయుడే చదివి వినిపించి ప్రశ్నలు అడగాలి. విన్నప్పుడు అర్థమై చదివినప్పుడు కాకపోతే ఇబ్బంది లిపిలో ఉంది. విన్నా అర్థం కాకపోతే ఇబ్బంది భాషలో ఉంది, అతనికి కావలసింది కథలు, సంభాషణ, మాటలు. ఎంత సాధన చేసినా నెలల తరబడి కదలిక లేకపోతే అప్పుడు నిపుణుల దగ్గరికి పంపాలి. ఆరో తరగతిలో చేరిన మొదటి నెలలోనే ప్రతి విద్యార్థి విషయంలోనూ ఈ పని జరిగితే, పదో తరగతి ముందు పెట్టే ప్రత్యేక తరగతుల కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఒక్కొక్కరికి పట్టేది పది నిమిషాలే.

బడి ఆ పని మొదలుపెట్టే దాకా ఇంట్లో ఆగవలసిన పని లేదు. పన్నెండేళ్ళు దాటిన పిల్లలున్నవారు ఈ ఆదివారమే వారి పుస్తకంలో ఒక పేజీ తీయించి, మధ్యలో దిద్దకుండా, కోప్పడకుండా చివరిదాకా విని, ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో రాసిపెట్టుకుని, సోమవారం ఆ కాగితంతో తెలుగు ఉపాధ్యాయులను కలవాలి.